యాడి మిక్సీ, గులాబీ రంగు వాయిదా కార్డు

  

మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగిండు. "హాస్టల్ అయిపోయింది, రూమ్ తీసుకున్న, తక్కువ పైసల్లో కెటిల్, ఇండక్షన్ స్టవ్ ఏది కొనాలె, చెప్పండి" అని. కింద చాలామంది లింకులు పెట్టిన్రు. నేను కూడా రెండు లైన్లు రాద్దామని ఫోన్ పట్టుకున్న. రాస్తుంటే మా యాడి కొన్న మిక్సీ గుర్తొచ్చింది. ఆ సంగతి చెప్పకుండా కెటిల్ సంగతి చెప్పబుద్ధి కాలేదు. పోస్టు పెద్దగైంది, ఓపిక ఉన్నోళ్లు చదవండి. తమ్ముడూ, నువ్వైతే మొత్తం చదువు.

మాది మానుకోట దగ్గర ఒక తాండ. ఇంట్లో రెండెకరాల మిర్చి. మాది అయిపోయినంక యాడి వేరేవాళ్ల చేన్లకు కూడా మిర్చి ఏరడానికి పోతది. రెండు మూడు ఏండ్ల సంది ఆమెకు కుడి భుజం లేవడం లేదు. నీళ్ల బిందె ఎడమ చంకకు మార్చుకున్నది, కానీ రోలు కాడ ఎడమ చెయ్యి పనికిరాదు కదా. జొన్న రొట్టెలోకి రోజూ ఏదో ఒకటి నూరాలె. ఎండుమిర్చి కారం కాకుంటే పల్లీల చట్నీ. ఆశ్రమ పాఠశాల నుంచి మా తమ్ముడు సెలవులకు వస్తే ఇడ్లీ కావాలంటడు, దానికి పిండి రుబ్బాలె. ఫోన్ చేసినప్పుడల్లా "చెయ్యి గుంజుతున్నది" అనేది. నేను "ఆర్ఎంపీకి చూపించుకో" అనేదాన్ని. ఇంకేం చెయ్యలె.

ఈ సంక్రాంతి అయినంక ఒకాయన మా తాండకు బండి మీద వచ్చిండు. మీ ఊర్లకు కూడా వస్తరు, చూసే ఉంటరు. వెనక అట్టడబ్బాలు కట్టుకొని, కుక్కర్లు, మిక్సీలు, దుప్పట్లు, ఫ్యాన్లు వాయిదాల మీద ఇస్తరు. యాడి 500 ఇచ్చి మిక్సీ తీసుకున్నది. మిగతాది వారానికి 200 చొప్పున ఇరవై వారాలు. శనివారం శనివారం వచ్చి గులాబీ రంగు కార్డు మీద టిక్కు కొట్టి పోతడు. లెక్క మీరే చూడండి, మొత్తం 4,500. బిల్లు లేదు. వారంటీ కాగితం లేదు. ఉన్నది ఆ కార్డు ఒక్కటే, దాని మీద ఆయన ఫోన్ నంబర్ కూడా లేదు.

పదకొండో వారం మిక్సీ పొగ వచ్చి ఆగిపోయింది. నానబెట్టిన మినప్పప్పు వేసిందంట, సాయంత్రం ఏడింటికి. ఆయనకు చెప్తే "నీళ్లు తక్కువ పోసినవ్, అది నీ తప్పు, కంపెనీది కాదు" అన్నడు. వాయిదా మాత్రం తీసుకొనే పోయిండు.

ఉగాదికి ఇంటికి పోతే ఈ సంగతంతా తెలిసింది. నాకు కోపం ఆగలె. ఎంఏ చదివిన నోరు కదా. "నీకు చదువు రాదు కాబట్టే వాడు ఇట్ల మోసం చేసిండు. ఒక్క ఫోన్ కొడితే నేను చెప్పకపోదునా" అన్న. యాడి రొట్టె కొడుతున్నది. తల ఎత్తలె. మా భాషలో అన్నది, తెలుగులో రాస్తున్న. "నీకు చదువొచ్చింది కదా. మూడేండ్ల సంది చెయ్యి నొస్తున్నదని చెప్తున్న. నువ్వు తెచ్చినవా?"

బాపు లేచి బయటకు పోయిండు. నేను పెంకు మీద రొట్టె తిప్పుకుంటూ కూర్చున్న. జవాబు లేదు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలె, లేకుంటే అన్యాయం. చదువుకున్నదాన్ని అని యాడిని అన్నా కదా, అంతకు నాలుగు నెలల ముందు నేనేం చేసిన? విద్యానగర్‌లో మేము ముగ్గురం ఒక రూమ్‌లో ఉంటం. నేను, ఉట్నూరు వైపు గోండు చెల్లి, భద్రాచలం వైపు కోయ అక్క. ముగ్గురం గ్రూప్స్‌కు చదువుతున్నం. రూమ్ తీసుకున్న కొత్తలో ఫుట్‌పాత్ మీద 399కి కెటిల్ కొన్న. బేరం చేసి 350కి తెచ్చినా అని గొప్పలు కూడా చెప్పుకున్న. దాన్ని చిన్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టి, మూత తీసి గుడ్లు ఉడకబెట్టినం. నీళ్లు మరుగుతనే ఉన్నయ్, అది బంద్ కాలె. చూసేసరికి బాక్సు కరిగి ప్లగ్గుకు అతుక్కున్నది. ఓనర్ ఆంటీ అరుపులు వీధి చివరికి వినబడ్డయ్. అడ్వాన్సులో 300 కోసేసింది.

ఎందుకైందో తర్వాత తెలిసింది. కెటిల్ తానే బంద్ అయ్యేది లోపలి ఆవిరి వల్ల. నీళ్లు మరిగితే ఆవిరి పోయి స్విచ్చు దగ్గరున్న చిన్న లోహపు పట్టీకి తగులుతది, అది వేడికి వంగి స్విచ్చును కొడతది. మూత తీసి పెడితే ఆవిరి అటు పోదు, ఎంతసేపైనా మరుగుతనే ఉంటది. రెండోది కరెంటు లెక్క. కెటిల్ 1,500 వాట్లు. గోడకుండే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. మన 230 వోల్టులతో గుణిస్తే 1,380. అంటే చిన్న ప్లగ్గు మోసేదానికన్నా కెటిల్ ఎక్కువ గుంజుతది. దానికి ఏసీ, గీజర్ పెట్టే పెద్ద ప్లగ్గు, 16 ఆంపియర్లది ఉండాలె. తమ్ముడూ, నువ్వు రూమ్ చూసేటప్పుడు ఫ్యాన్ ఉందా, నీళ్లొస్తయా అని అడుగుతవ్. వంట చేసే కాడ పెద్ద ప్లగ్గు ఉందా అని కూడా చూడు. లేకుంటే ఇండక్షన్ మాట మర్చిపో, అది 2,000 వాట్ల దాక పోతది. చిన్న రైస్ కుక్కర్ అయితే, లీటర్ సైజుది, సుమారు 400 వాట్లే, దానికి చిన్న ప్లగ్గు సరిపోతది.

ఇంకో ముచ్చట. తాండల మా ఇంటికి గృహజ్యోతి కింద కరెంటు బిల్లు జీరో వస్తది, 200 యూనిట్ల లోపే కాలుస్తం కాబట్టి. ఇక్కడ ఓనర్ మాకు సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కు 10 రూపాయలు వసూలు చేస్తది. వెయ్యి వాట్లు గంట కాలితే ఒక యూనిట్. లీటర్ నీళ్లు మరగబెట్టడానికి యూనిట్‌లో పదో వంతు, అంటే రూపాయి. పొద్దున ముగ్గురికి చాయ్, స్నానానికి నాలుగు లీటర్ల వేడినీళ్లు లెక్కేస్తే అది గట్టి ఖర్చే. చలికాలంలో మా ఉట్నూరు చెల్లి చల్లనీళ్లే పోసుకునేది. "మా గూడెంలో డిసెంబర్ చూసినదానికి ఇదో చలా" అంటది.

సరే, మిక్సీ సంగతికి వస్త. ఉగాది నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ కాలిపోయిన మిక్సీని గోనెసంచిలో వేసుకొని వచ్చిన. సాయంత్రాలు ఒక ట్యూషన్ సెంటర్‌లో ఆరో తరగతి పిల్లలకు చెప్తే నెలకు 4,000 వస్తది. దాంట్లోంచి రెండు నెలలు వెయ్యి వెయ్యి పక్కకు పెట్టిన. నా దగ్గర 2,000. యాడికి మిక్సీ కొనాలె, రూమ్‌కు కాదు.

ముందు కోఠిలో గుజరాతీ గల్లీ దగ్గర ఒక మెకానిక్‌కు ఆ పాతది చూపించిన. పెద్దాయన, చాయ్ తాగుకుంటనే నాలుగు స్క్రూలు తీసిండు. తీగ మీద పూత గీకి చూపిస్తూ "ఇది రాగి కాదు బేటా, అల్యూమినియం. మళ్లీ చుట్టాలంటే 700. చుట్టినా ఎన్ని రోజులుంటదో చెప్పలేను" అన్నడు. తర్వాత తిప్పి అడుగు చూపించిండు. మంచి మిక్సీకి అడుగున ఒక ఎర్ర బటన్ ఉంటది. మోటారు మీద బరువెక్కువై వేడెక్కితే ఆ బటన్ బయటకు తన్నుకొచ్చి కరెంటు ఆపుతది. కాసేపు చల్లారినంక లోపలికి నొక్కితే మళ్లీ నడుస్తది. యాడి మిక్సీకి ఆ బటన్ కోసం ప్లాస్టిక్‌లో గుండ్రంగా అచ్చు ఉన్నది. బటన్ లేదు. బయటికి కనబడే అచ్చు మాత్రం పోసిన్రు. నేను ఆ గుండ్రటి గుర్తు మీద వేలు పెట్టి చాలాసేపు చూసిన. యాడి నీళ్లు తక్కువ పోసిందో ఎక్కువ పోసిందో గానీ, ఈ బటన్ ఉంటే ఆ రోజు ఆగిపోయి ఊరుకునేది.

ఆ ముసలాయన చూసినందుకు పైసలు తీసుకోలె. "కొత్తది కొనేటప్పుడు ముందు అడుగు చూడు, తర్వాత ముఖం చూడు" అన్నడు.

అట్ల నాలుగు వారాలు తిరిగినం. మహాలక్ష్మి ఉన్నది కాబట్టి బస్సు ఖర్చు లేదు, ఆధార్ చూపిస్తే జీరో టికెట్. అన్నలు, తమ్ముళ్లు ఏమనుకోకండి, మీకైతే రేట్ల వేటలోనే వంద రూపాయలు అయితయ్. ఎర్రగడ్డ ఆదివారం సంతకు పోయినం. పాత మిక్సీలు 500కి, 600కి ఉన్నయ్, కొన్ని మంచి కంపెనీలవే. కానీ అక్కడ ప్లగ్గు పెట్టి చూపించేటోళ్లు తక్కువ, రేపు ఆగిపోతే అడగడానికి ఆయన అక్కడే ఉంటడని నమ్మకం లేదు. మా భద్రాచలం అక్క ఒక ఇస్త్రీపెట్టె కొన్నది, అది ఇప్పటికీ మంచిగ నడుస్తున్నది. కాబట్టి చెడ్డదని అనను. తాండకు పంపే వస్తువుకు మాత్రం ధైర్యం చాలలె.

బేగంబజార్‌లో గిన్నెలు చూసినం. ఇండక్షన్ కొనేటోళ్లకు ఇది చెప్పాలె. మన ఇంటి నుంచి తెచ్చుకున్న అల్యూమినియం గిన్నెలు దాని మీద వేడెక్కవు. స్టీలు గిన్నెల్లో కూడా అన్నీ కావు. అయస్కాంతం అడుగుకు అతుక్కుంటే పనికొస్తది, లేకుంటే లేదు. పాత స్పీకర్‌లోని అయస్కాంతం సంచిలో వేసుకొని పోయినం. చెల్లి ఒక్కో గిన్నెకు పెట్టి చూస్తుంటే దుకాణం పిల్లగాడు నవ్విండు, తర్వాత ఆ అయస్కాంతం తీసుకొని తానే వరసగా పెట్టి చూసిండు. స్టవ్ 1,700కి దొరుకుతది, గిన్నెలు మళ్లీ కొనాలంటే ఇంకో వెయ్యి. ఈ రెండో ఖర్చు ఎవరూ చెప్పరు. మేమైతే ఇండక్షన్ కొనలె. ఐడీ ప్రూఫ్ చూపిస్తే దొరికే 5 కిలోల చిన్న సిలిండర్ తీసుకున్నం. గల్లీల్లో పెద్ద సిలిండర్ నుంచి చిన్నదాంట్లోకి నింపుతరు, అక్కడికి మాత్రం పోకండి.

మళ్లీ గుజరాతీ గల్లీ. ఒక దుకాణంలో అడుగు పెట్టంగనే కౌంటర్ మీదాయన మమ్మల్ని పైనుంచి కింది దాక చూసి లోపలి పిల్లగాడికి హిందీలో చెప్పిండు, "గావ్ వాలే హై, నీచే వాలా దిఖా" అని. మేము ఇంకా ఏం కావాలో చెప్పనే లేదు. మాకు అర్థం కాదనుకున్నడు. లంబాడీ పిల్లకు ఆ నాలుగు ముక్కలు అర్థం కాకపోవడమేంది? "భయ్యా, నీచే వాలా నహీ, ఊపర్ వాలా భీ దిఖావో" అన్న. ఆయన ముఖం చూడాల్సింది. పైది తీయించిండు, కానీ చెయ్యి పెట్టనియ్యలె. డబ్బా మీద ఎంఆర్‌పీ 5,999, మీకైతే 1,899 అన్నడు. తమ్ముడూ, ఎంఆర్‌పీ చూసి ఎప్పుడూ లాభం లెక్కెయ్యకు. దాన్ని అంత పెద్దగా అచ్చేసేదే మనం లెక్కెయ్యాలని.

నేను డబ్బా తిప్పి ఐఎస్ఐ గుర్తు చూసిన. మిక్సీకి గుర్తు పైన ఐఎస్ 4250 అని ఉండాలె, కింద సీఎం/ఎల్ అని ఉండి అంకెలు ఉండాలె. ఆ అంకెలు ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి లైసెన్సో, ఏ వస్తువుకో, నడుస్తుందో లేదో వస్తది. ఆ డబ్బా నంబర్ కొడితే ఏ వివరమూ రాలె. ఆయనకు చూపించిన. "నెట్ స్లో ఉంటది మేడం" అన్నడు. మేడం అని అప్పుడే మొదలుపెట్టిండు. బయటకు వచ్చినం.

మూడో దుకాణంలో ఒక ఆంటీ, ఆమె కొడుకు ఉన్నరు. ప్రీతి, సుజాత అన్నీ పెట్టిన్రు గానీ అవి నా 2,000కి అందవు. 500 వాట్లది, మూడు జార్లది, అంతో ఇంతో పేరున్న కంపెనీది ఒకటి తీసిన్రు. నేను ముందు అడుగు చూసిన. ఎర్ర బటన్ ఉన్నది. యాప్‌లో నంబర్ వచ్చింది. వస్తువుకు రెండేండ్లు, మోటారుకు ఐదేండ్లు వారంటీ. అప్పుడే అక్కడే నిలబడి డబ్బా మీద ఉన్న కంపెనీ నంబర్‌కు ఫోన్ చేసి మా ఊరి పిన్‌కోడ్ చెప్పి సర్వీస్ ఎక్కడున్నదని అడిగిన. వరంగల్ అన్నరు. అది నయమే, హైదరాబాద్ దాక మోసుకొని రావాల్సిన పని లేదు. ఈ ఫోన్ మాత్రం కొనకముందే చెయ్యాలె. ఐదేండ్ల వారంటీ అని ఉన్నా, సర్వీస్ సెంటర్ రెండు వందల కిలోమీటర్ల అవతల ఉంటే మన యాడి, బాపు దాన్ని ఎట్ల వాడుకుంటరు?

రేటు 2,150 అన్నరు. బిల్లు లేకుంటే 1,950. నా దగ్గర సరిగ్గా 2,000 ఉన్నది. నిజం చెప్తున్న, ఒక నిమిషం ఆగిన. బిల్లు లేకుంటే 50 రూపాయలు మిగులుతయ్ కూడా. అప్పుడు ఆ గులాబీ కార్డు గుర్తొచ్చింది. బిల్లు లేకుంటే వారంటీ అడగలేం, 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇద్దామన్నా చూపించడానికి చేతిలో ఏం ఉండదు. ఉట్నూరు చెల్లి ఏం మాట్లాడకుండా తన పర్సులోంచి 150 తీసి కౌంటర్ మీద పెట్టింది. ఆ నెల ఆమె టెస్ట్ సిరీస్‌కు కట్టాల్సిన పైసలు అవి. బిల్లు యాడి పేరు మీదే రాయించిన.

ఉప్పల్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కి, హన్మకొండలో దిగి, మానుకోట బస్సు పట్టుకొని పోయిన. డబ్బా మొత్తం దారి ఒడిలోనే. యాడి డబ్బా చూసి ఏం అనలె, చేతులు కడుక్కొని వచ్చి కూర్చున్నది. నేను అడుగు తిప్పి ఎర్ర బటన్ చూపించిన. జారు సగానికి మించి నింపొద్దు, ఒకేసారి గిర్రున తిప్పొద్దు, ఆపి ఆపి తిప్పాలని చెప్పిన. మా తాండలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివిన అన్న మీటర్ తెచ్చి వోల్టేజీ చూసిండు. మధ్యాహ్నం 220 ఉన్నది. రాత్రి ఏడింటికి 165. మాది లైను చివర ఇల్లు, ఆ టైంకు బల్బులే ఎర్రగా వెలుగుతయ్. వోల్టేజీ తగ్గితే మిక్సీ మెల్లగా తిరుగుతది, బ్లేడు పప్పులో ఇరుక్కుంటది, ఇరుక్కుంటే వేడెక్కుతది. "చిన్నమ్మా, పగటి పూటే రుబ్బు" అన్నడు యాడితో. చేనుకు పోయేటోళ్లకు పగలు ఎక్కడిది? పొద్దున ఐదింటికి అయితే 210 దాక ఉంటదని మళ్లీ చూసి చెప్పిండు. ఇప్పుడు పొద్దుననే రుబ్బుతున్నది.

పాత వాయిదాలు ఇంకా ఉన్నయ్ అప్పటికి. నేను ఇయ్యొద్దన్న. బిల్లు లేదు, వారంటీ లేదు, కాలిపోయిన వస్తువుకు పైసలు ఎందుకు కట్టాలె? యాడి ఒప్పుకోలె. "తీసుకునేటప్పుడు ఇస్త అన్న. ఆయన మోసం చేస్తే ఆయనకే. రేపు తాండలో ఇంకొకరికి వాయిదా కావాలంటే మన పేరు చెప్తడు" అన్నది. దీని మీద మాకు ఇప్పటికీ కుదరదు. నాకైతే ఆమె ఇచ్చిన ప్రతి 200 మండింది. ఇరవయ్యో టిక్కు కూడా కొట్టించుకొని ఆ కార్డు గూట్లో దాచింది. ఆ శనివారం నేను ఇంటి దగ్గరే ఉన్న. పాత మిక్సీ అడుగు ఆయనకు చూపించి "అన్నా, ఇక్కడ బటన్ ఏది?" అని అడిగిన. "నేను కూడా కమీషన్‌కు తిరిగేటోన్నే చెల్లె, నాకేం తెల్వదు" అన్నడు. ఆయన బండి టైర్లు కూడా అరిగిపోయి ఉన్నయ్. అబద్ధమాడిండో నిజం చెప్పిండో నాకు అర్థం కాలె.

పోయిన నెల ఒక రోజు పొద్దుననే ఫోన్. యాడి గొంతు వణుకుతున్నది. "ఇది కూడా పోయింది బేటీ. నేనే ఏదో చేసిన. పల్లీలు వేసిన, కొంచెం ఎక్కువైనయ్. నీ పైసలు..." అంటున్నది. వీడియో కాల్ చేయమన్న. తమ్ముడు సెలవులకు ఇంట్లోనే ఉన్నడు, ఫోన్ పట్టుకున్నడు. స్విచ్చు తీసెయ్యమన్న, సగం పల్లీలు తియ్యమన్న, పావుగంట ఆగమన్న. ఆ పావుగంట యాడి మిక్సీ ముందు అట్లనే కూర్చున్నది, ఫోన్ కట్ చేయనియ్యలె. తర్వాత తమ్ముడు దాన్ని వెనక్కి వంచితే ఎర్ర బటన్ బయటకు పొడుచుకొని కనబడ్డది. "నువ్వే నొక్కు" అన్న. యాడి బొటనవేలితో నొక్కింది. టిక్కుమన్నది. తిప్పితే గిర్రుమన్నది.

"గంతేనా?" అన్నది.

"గంతే యాడి."

తమ్ముడూ, నీ కెటిల్ సంగతి. గుజరాతీ గల్లీలో ఆ ఆంటీ దగ్గర లీటరున్నర కెటిల్ 700 చిల్లర ఉండె, బిల్లుతో. వచ్చే శనివారం మా భద్రాచలం అక్క రైస్ కుక్కర్ కొనడానికి పోతున్నం. రావాలనుకుంటే ఇన్‌బాక్స్‌లో చెప్పు. అయస్కాంతం మా దగ్గరున్నది.